స్పానిష్ డాన్సర్: ఈ నెల మన పిల్లలు చదువుతున్న సముద్రజీవి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల జీవశాస్త్ర తరగతుల్లో పిల్లలు స్పానిష్ డాన్సర్ అనే సముద్రపు స్లగ్‌ను గురించి చదువుతున్నారు. ఎర్ర సముద్రం మొదలుకొని హిందూ, పసిఫిక్ మహాసముద్రాల ఉష్ణమండల జలాల వరకు పగడపు దిబ్బల్లో నివసించే ఈ జీవి, నత్తల వర్గానికి చెందినదే అయినా, గుడ్డు నుంచి వెలువడిన తొలి పిల్ల దశలో (డింభక దశలో) ఉండే గుల్లను పెద్దయ్యేలోగా వదిలేస్తుంది. సముద్రపు స్లగ్‌లలో చాలావరకు వేలెడంత కూడా ఉండవు. ఇది మాత్రం 40 సెంటీమీటర్ల వరకు పెరగగలదు. పగలంతా రాతి సందుల్లో దాగి, రాత్రి మేతకు బయలుదేరుతుంది. బెదిరినప్పుడు, అంతవరకు పైకి చుట్టి ఉంచుకున్న ఒంటి అంచులను ఒక్కసారిగా విప్పి, శరీరాన్ని కిందికీ పైకీ వంచుతూ ఈదుతుంది. ఆ ఎర్రని అంచులు నర్తకి పావడా కుచ్చుల్లా కదలడం చూసే దీనికి ఆ పేరు పెట్టారు.

పిల్లలు అన్నిటికన్నా ఎక్కువగా చర్చించిన ప్రశ్న ఒకటుంది: గుల్ల లేని ఇంత మెత్తని జీవి, అంత కొట్టొచ్చినట్లు కనిపించే రంగుతో ఎలా బతుకుతోంది? సమాధానం దాని ఆహారంలోనే ఉంది. ఇది స్పంజికలను, అంటే సముద్రంలో రాళ్లను అంటిపెట్టుకొని బతికే, ఒళ్లంతా రంధ్రాలుండే జీవులను, తింటుంది. వాటిలోని విష రసాయనాలను కొద్దిగా మార్చుకొని తన వీపు భాగంలో నిల్వ చేసుకుంటుంది. రుచి చూసిన చేప మళ్లీ దాని జోలికి రాదు కనుక, ఆ ఎరుపు ఒక హెచ్చరికగా పనిచేస్తుంది. అంతకన్నా నన్ను ఆకట్టుకున్న విషయం, ఆ రసాయనాలనే అది తన గుడ్లకు కూడా అందించడం. గులాబీ పువ్వు ఆకారంలో చుట్టి పెట్టే ఆ గుడ్ల పట్టీని తల్లి కాపలా కాయదు. అయినా చేపలు వాటిని తినడానికి వెనుకాడతాయి. ఈ స్లగ్ వీపు మీదే కాపురముండే చిన్న ఎంపరర్ రొయ్య కూడా ఈ రక్షణను వాడుకుంటుంది.

ఈ పాఠం తరువాత కొందరు పిల్లలు ఇటువంటి జీవిని అక్వేరియంలో పెంచాలని మిమ్మల్ని అడగవచ్చు. స్పంజికలు తప్ప మరేదీ తినని ఈ జీవి గాజుతొట్టెలో ఆకలితో చనిపోతుంది కనుక, దయచేసి ఆ కోరికను తీర్చకండి. కారణం మాత్రం వారికి వివరంగా చెప్పండి. సముద్రతీరానికి వెళ్లినప్పుడు నీటి గుంటల్లో రంగురంగుల స్లగ్‌లు కనిపిస్తే, చేత్తో తాకకుండా, నీటిలోంచి బయటికి తీయకుండా చూడనివ్వండి. అవి ఏం తింటున్నాయో గమనించి బొమ్మ గీసుకొని వస్తే, ఉపాధ్యాయులు తరగతిలో దాని గురించి మాట్లాడతారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు