రంగు తర్వాత, ముందు విప్పి చూడండి

సంపాదకుల వారికి,

విశాఖ నగరంలో ప్రదర్శనకు పెట్టిన పాత యుద్ధవిమానాలకు మళ్లీ మెరుగులు దిద్దుతారని మీ పత్రికలో చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. వార్తలో రంగుల సంగతి ఉంది, లైట్ల సంగతి ఉంది, సెల్ఫీ పాయింట్ సంగతి కూడా ఉంది. విమానాన్ని ఎవరు తనిఖీ చేస్తారన్న మాట మాత్రం ఎక్కడా కనపడలేదు. నేను నౌకాదళంలో ఎయిర్ మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. మొదట కిరణ్ ట్రైనర్ జెట్ల మీద, తర్వాత ఓడ మీంచి ఎగిరే సీ హారియర్ యుద్ధవిమానాల మీద పనిచేశాను. అందుకని చూస్తూ ఊరుకోవడం నావల్ల కావడం లేదు.

ఆ మధ్య మన ఊళ్లోనే ఒకచోట నిలబెట్టిన పాత జెట్‌కి రంగులు వేస్తుంటే ఆగి చూశాను. ఎక్కడో రాయను, ఒకరిని వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. పెయింటర్ కుర్రాడు విమానం పొట్ట కింద వెల్లకిలా పడుకుని చిన్న చిన్న కన్నాలకు లప్పం పెట్టి మూస్తున్నాడు. "అవెందుకు మూస్తున్నావు బాబూ?" అని అడిగాను. "వానొస్తే నీళ్లు లోపలికెళ్లిపోవా సార్? మరి కాంట్రాక్టర్ గారు నీటుగా ఉండాలన్నారు" అన్నాడు. పాపం, తన పని తాను శ్రద్ధగానే చేస్తున్నాడు. కానీ ఆ కన్నాలు నీళ్లు లోపలికి పోవడానికి పెట్టినవి కావు, లోపల చేరినవి బయటికి పోవడానికి పెట్టినవి. కాక్‌పిట్ అంచుల్లోంచి, ప్యానెళ్ల సందుల్లోంచి ఎలాగూ నీరు దిగుతుంది. రాత్రి చల్లబడినప్పుడు లోపలి గాల్లోని తేమ కూడా నీరై పొట్టలో చేరుతుంది. అదంతా కారిపోవడానికే అడుగున డ్రెయిన్ హోల్స్ ఉంటాయి. వాటిని లప్పంతో మూసి పైన రెండు పూతల రంగు వేస్తే విమానం పొట్ట ఉప్పునీటి తొట్టి అవుతుంది. పైన పటారం, లోన లొటారం అంటారే, అదీ సంగతి.

తుప్పు గురించి విశాఖవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. పాండురంగాపురంలోనో, లాసన్స్ బేలోనో సముద్రం వైపు ఇల్లున్నవాళ్లని అడగండి, కిటికీ గ్రిల్స్ ఎన్నాళ్లకోసారి మారుస్తారో చెబుతారు. కానీ ఇనుము తుప్పు ఎర్రగా కారి నలుగురికీ కనపడుతుంది. విమానం చర్మం అల్యూమినియం మిశ్రమం. అది ఎర్రబడదు. రివెట్టు చుట్టూ రంగు కాస్త పొంగుతుంది, గోరుతో గీకితే తెల్లటి పొడి రాలుతుంది, అంతే. ఆ పొంగు కింద లోహం ఉల్లిపొరల్లా విడిపోయి ఉండొచ్చు. స్టీలు బోల్టూ అల్యూమినియం రేకూ తగిలేచోట, మధ్యలో ఉప్పుతేమ చేరితే చిన్న బ్యాటరీ తయారైనట్టే, అల్యూమినియం తినేసుకుపోతుంది. మెగ్నీషియం మిశ్రమంతో చేసిన భాగాలైతే ఇంకా తొందరగా పోతాయి. సీ హారియర్ కోసం పెగసస్ ఇంజిన్‌ని మార్చినప్పుడు అందులోని కొన్ని మెగ్నీషియం మిశ్రమ భాగాలను తీసేసి అల్యూమినియంవి పెట్టారు. ఓడ మీద బతకాల్సిన ఇంజిన్‌ని తయారుచేసినవాళ్లే అంత జాగ్రత్త పడ్డారంటే, సముద్రానికి ఎదురుగా కదలకుండా నిలబడే విమానం సంగతి ఆలోచించండి.

సర్వీసులో ఉండగా మేం చేసే పని బయటివాళ్లకి చాదస్తంలా కనిపించేది. సముద్రం మీద తక్కువ ఎత్తులో ఎగిరొచ్చిన విమానానికి మంచినీళ్లతో స్నానం, ఇంజిన్‌లో గాలిని నొక్కే కంప్రెసర్‌కి విడిగా నీళ్లతో కడుగుడు. తర్వాత టార్చిలైటూ, పొడవాటి కాడకి బిగించిన చిన్న అద్దమూ పట్టుకుని, ఇంజిన్‌కి గాలి వెళ్లే ఇన్‌టేక్‌లోకి దూరి కంప్రెసర్ బ్లేళ్ల అంచుల్ని చూడాలి. సన్నటి గంటు కనపడినా వేలి గోరు దాని మీద ఆనించి, ఆగుతుందో జారుతుందో చూసేవాళ్లం. అనుమానం వస్తే ఆ భాగం మీద ఎర్రరంగు ద్రవం పూసి, తుడిచి, పైన తెల్లపొడి చల్లితే పగులు ఉన్నచోట ఎర్రగీత తేలుతుంది. రేకు కింద పొరలు ఊడాయేమోనని రూపాయి బిళ్లతో తట్టి చప్పుడు వినేవాళ్లం. గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది, ఊడినచోట డొల్లగా వినిపిస్తుంది. పని అయ్యాక పెట్టెలో పానాలు లెక్క తేలాలి. ఒక్క స్క్రూడ్రైవర్ కనపడకపోయినా అది దొరికేదాకా విమానం కదలదు. కంట్రోల్స్ ముట్టుకుంటే చేసినవాడి సంతకం ఒకటి, విడిగా వచ్చి మళ్లీ చూసినవాడి సంతకం ఇంకొకటి. ఈ రెండో సంతకం విషయంలో మా చీఫ్ ఎంత మొండిగా ఉండేవాడంటే, మా పెళ్లి శుభలేఖ మీద కూడా రెండు సంతకాలు అడుగుతాడని జోకులేసుకునేవాళ్లం.

ఎగరని విమానానికి ఇవన్నీ ఎందుకని అడగొచ్చు. అన్నీ అక్కర్లేదు, కంప్రెసర్ బ్లేళ్ల గొడవ ఇక లేదు. కానీ మా పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన మాట ఒకటుంది: ఎగిరే విమానం కన్నా ఆగిన విమానానికే జబ్బులెక్కువ. రబ్బరు సీళ్లు ఎండి పగులుతాయి, హైడ్రాలిక్ నూనె కారుతుంది, టైర్లు ఒకేవైపు నొక్కుకుపోతాయి. అందుకే బరువు టైర్ల మీద కాకుండా స్టాండ్ల మీద ఆనేలా నిలబెడతారు. ఇన్‌టేక్‌కి మూత లేకపోతే గోరింకలూ పావురాలూ గూళ్లు కడతాయి. వాటి రెట్ట రంగునీ వదలదు, లోహాన్నీ వదలదు. ఇక శుభ్రం చేయడమంటే సర్ఫు నీళ్లూ, ఇనుప పీచూ అనుకునేవాళ్లున్నారు. అల్యూమినియం మీద ఇనుప పీచు వాడితే దాని ముక్కలు రేకులో దిగబడి, అక్కడే కొత్త తుప్పు మొదలవుతుంది.

ఇంతకన్నా టెన్షన్ పెట్టే విషయం ఎజెక్షన్ సీటు, అంటే ప్రమాదంలో పైలట్‌ని బయటికి విసిరేసే సీటు. యుద్ధవిమానం సీటు కింద నిజంగా పేలే తూటాలుంటాయి. హారియర్ జాతి విమానాల్లో పైలట్ తలమీది అద్దాన్ని పగలగొట్టడానికి దాని మీదే వంకర్లు తిరిగిన పేలుడు తీగ అతికించి ఉంటుంది. ప్రదర్శనకు ఇచ్చేముందు ఇవన్నీ తీసేస్తారు, అందులో సందేహం లేదు. కానీ తీసేసినట్టు రాసిన కాగితం ఇప్పుడు విమానం చూసుకునేవాళ్ల దగ్గరుందా? పిల్లల్ని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి ఫొటోలు తీయాలనుకునేవాళ్లు ముందు ఆ కాగితం అడగాలి. 2015 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని షోరమ్‌లో పాత హాకర్ హంటర్ యుద్ధవిమానం ఎయిర్‌షోలో కూలి 11 మంది చనిపోయారు.  ప్రమాదానికి కారణం వేరే. కానీ ఆ విమానం సీటు తూటాలకు గడువు దాటిపోయిందన్న సంగతి దర్యాప్తులో బయటపడింది. ఎగిరే విమానం కాగితాలే అలా ఉంటే, ఆగిన విమానం కాగితాలు ఎవరు చూస్తారు?

మన బీచ్ రోడ్డుకి ఈ మాటలు మరీ వర్తిస్తాయి. కురుసుర జలాంతర్గామి 2002లో మ్యూజియం అయింది, దాని ఎదురుగా టీయూ-142 విమానం 2017లో వచ్చింది. టీయూ-142ది జెట్ ఇంజిన్ కాదు, ప్రొపెల్లర్లు తిప్పే నాలుగు టర్బోప్రాప్‌లు. ఉప్పుగాలి మాత్రం ఆ తేడా చూడదు. 2016లో సర్వీసు ముగించుకున్న సీ హారియర్‌కి కప్పు కింద చోటు దొరకడం నాకు సంతోషంగా ఉంది. బయట నిలబడ్డవాటికి తుపాన్ల బెడద కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మనకి ఏం చేసిందో చూశాం. విమానం పాతదైనా రెక్క రెక్కే, గాలి ఎదురుగా కొడితే పైకి లేస్తుంది. నేలకి కట్టిన బిగింపులు ఏటా అక్టోబరు రాకముందే చూడాలి. ఆ బిగింపుల మీదే రంగు వేసేస్తే లోపల తుప్పు పట్టిందో లేదో ఎవరికి తెలుస్తుంది?

నేను కోరేది పెద్ద ఖర్చేమీ కాదు. టెండర్‌లో రంగు కన్నా ముందు తనిఖీ అని రాయండి. ప్యానెళ్లు విప్పి లోపల ఫొటోలు తీయాలి, డ్రెయిన్ హోల్స్ తెరవాలి, తుప్పు గీకి అల్యూమినియంకి తగిన ప్రైమర్ కొట్టాలి, ఆ తర్వాతే పై కోటు. గేటుకి వేసే ఎనామిల్ దీనికి పనికిరాదు. మంచినీళ్ల స్నానం నెలకోసారైనా ఉండాలి. ప్రతి విమానానికీ ఒక లాగ్‌బుక్ పెట్టి ఎవరు చూశారు, ఏం చూశారు, ఎప్పుడు చూశారు అన్నది సంతకంతో రాయాలి.

ఇది చేసేవాళ్లు ఎక్కడున్నారని అడగక్కర్లేదు. గోపాలపట్నం, మల్కాపురం, గాజువాక వీధుల్లో నాలాంటి రిటైర్డ్ మెకానిక్‌లు బోలెడంతమంది. ఉదయం వాకింగ్‌లో కూడా టార్క్ రెంచ్ గురించి వాదించుకునే రకం. నెలకో ఆదివారం రమ్మని ఎవరైనా అధికారికంగా ఒక కాగితం ఇస్తే వస్తాం, డబ్బులేమీ అడగం. టార్చిలు, అద్దాలు మావే తెచ్చుకుంటాం. నిచ్చెన మాత్రం వాళ్లే ఇవ్వాలి, మా వయసుకి అది మోసుకురాలేం.

ఇట్లు,
ఒక విశ్రాంత నేవీ ఎయిర్ మెకానిక్,
గోపాలపట్నం, విశాఖపట్నం