కాచినా ఫ్లోరైడ్ పోదు సార్

ఎడిటర్ గారికి నమస్కారం. మాది నల్గొండ జిల్లా, నల్లాలో కృష్ణా నీళ్లొస్తున్నా మోటార్ చెడిపోయిన వారం మళ్లీ ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లే వదుల్తున్నరు, అడిగితే కాచుకొని తాగండి అంటరు, కాస్తే క్రిములు చస్తయి గానీ ఫ్లోరైడ్ ఎట్ల పోతది, నీళ్లు ఆవిరైనకొద్దీ ఉన్నది ఇంకా చిక్కబడ్తది. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) లెక్కల తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రామే ఉండాలె, వేరే నీళ్లు లేకుంటే 1.5 దాకా. ఆ ఫ్లోరైడ్ నీళ్లకే మా పెద్దనాయన పళ్ల మీద గోధుమ రంగు చారలు, కింద పడ్డ తువ్వాల తీద్దామన్నా నడుం వంగదు. మేం తాగడానికే కాదు, అన్నం పప్పు వండడానికి కూడా ఆర్వో నీళ్లే వాడుతున్నం, చాలామంది ఇదే మర్చిపోతరు. బోరు నీళ్లు వదిలేముందు చెప్పి, టెస్ట్ రిపోర్ట్ ట్యాంకు గోడకు అంటిస్తే వాళ్ల సొమ్మేం పోతది?

– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా