పులస రేటు సరే, ఆనకట్ట కింద నీళ్ళ లెక్కేదీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో యానాం పులస వేలం ఫొటో చూశానండీ. ఏటా గోదాట్లో ఎర్రనీరు దిగిన వారానికల్లా అదే ఫొటో, పుస్తెలమ్మైనా పులస తినాలనే అదే సామెత, రేటు ఒక్కటే మారుతుంది. ఒక్క చేప 20 వేలు దాటిందని గొప్పగా రాస్తారు. అది గొప్పేంటండీ, ఇంట్లో బియ్యం అడుగంటాయని డప్పు కొట్టించుకోవడం. దొరకట్లేదు కాబట్టే ఆ రేటు. పైగా ఆ దొరికేదాంట్లో ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి ఐసులో వచ్చిన విలస (నది ఎక్కకుండా సముద్రంలోనే పట్టిన అదే చేప) ఎంతో, అసలు గోదారి పులస ఎంతో అమ్మేవాడికి తప్ప ఎవరికీ తెలీదు. అందుకని మార్కెట్టు చూసి నదిలో చేప ఉందో లేదో చెప్పలేం.

అదే పేజీలో కింద ఇంకో వార్త, ఇన్ని లక్షల క్యూసెక్కులు (సెకనుకి ఇన్ని ఘనపుటడుగులన్న లెక్క) సముద్రం పాలు, వృథా అని. పైన ఉన్న చేప కింద ఉన్న ఆ నీళ్ళని పట్టుకునే వచ్చింది కదండీ సముద్రంలోంచి! మరి వృథా ఎలా అయింది?

మా నాన్న ధవళేశ్వరం బ్యారేజీలో లస్కరు, అంటే గేట్లు ఎత్తి దించే పనివాడు. చిన్నప్పుడు ఆయనకి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి గేట్ల దగ్గరే ఆడుకునేవాళ్ళం, కాబట్టి నీళ్ళు ఎప్పుడు వదులుతారో ఎప్పుడు బిగిస్తారో పుస్తకంలో చదివి రాయట్లేదు. ఆగస్టులో 175 గేట్లూ ఎత్తేస్తే పులసకి ఇక్కడ అడ్డం ఉండదు, ఎదురీది పైకెక్కుతుంది, గుడ్లు పెడుతుంది. అసలు చిక్కు ఆ తర్వాత. గుడ్లోంచి వచ్చిన పిల్ల కొన్ని నెలలు మంచినీళ్ళలోనూ, నది మొగలో ఉప్పూ తీపీ కలిసిన నీళ్ళలోనూ పెరిగి, ఎండాకాలం నాటికి సముద్రానికి దిగాలి. సరిగ్గా అప్పుడే మనం గేట్లన్నీ బిగించి వచ్చిన ప్రతి చుక్కా మూడు డెల్టాల కాలవల్లోకి తిప్పేస్తాం. ఫిబ్రవరిలో బ్యారేజీ మీంచి ఎగువకి చూస్తే సముద్రంలా ఉంటుంది, దిగువకి చూస్తే ఇసకలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. కింద గౌతమి, వశిష్ఠల్లోకి ఉప్పునీరు ఎగదన్నుకొస్తుంది. బొబ్బర్లంక వైపు వల వేసే ఆయన ఒకాయన నాతో అన్నమాట, "మేష్టారూ, ఎక్కేటప్పుడు వరద ఉంటదండి, ఎలాగోలా ఎక్కుద్ది. పిల్ల దిగేటప్పుడు నీళ్ళేయండీ? ఉన్న నాలుగు మడుగుల్లోనూ దోమతెర వలలు పెట్టి ఊడ్చేత్తన్నారు." నేను ఈ ఉత్తరంలో చెప్పేదంతా ఆయన ఆ రెండు ముక్కల్లో చెప్పేశాడు.

ఎన్ని నీళ్ళు కావాలో శాస్త్రవేత్తలు తేల్చాలి, నేను కాదు. ఊరికే అంచనాకి ఒక లెక్క వేశాను. డిసెంబరు నుంచి మే దాకా రోజూ 1,000 క్యూసెక్కులు కిందకి వదిలితే ఆరు నెలలకి దాదాపు 16 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ఏడాదికి 3 వేల టీఎంసీలు సముద్రంలో కలుస్తున్నాయని మీరే రాస్తారు, దాంట్లో ఇదెంత అని మీరు అనొచ్చు. కానీ ఆ 3 వేలూ వరద నీళ్ళండీ, జనవరి నీళ్ళు కావు. జనవరిలో 16 టీఎంసీలంటే మాటలు కాదు, రబీకి చాలక ఎగువన సీలేరు రిజర్వాయర్ల నుంచి తెప్పించుకుని, వంతులవారీ పెట్టి, డ్రైన్లకి క్రాస్ బండ్లు, అంటే అడ్డుకట్టలు వేసి ఇంజన్లతో తోడుకునే రోజులవి. నాకూ శివారు ఆయకట్టులో ఎకరంన్నర ఉంది, వంతు తప్పితే రాత్రి నిద్ర పట్టదు. కాబట్టి రైతు దగ్గర లాక్కుని చేపకి పొయ్యమని నేను అనట్లేదు. డబ్బిచ్చి అడగమంటున్నాను.

ఇది నా బుర్రలో పుట్టిన ఐడియా కాదు. మా అమ్మాయి వాళ్ళు అమెరికాలో ఆరెగాన్‌లో ఉంటారు, వెళ్ళినప్పుడు కొలంబియా నది మీద బోనవిల్ డ్యాం చూపించారు. 1938లో కట్టింది, పక్కనే చేపలు ఎక్కడానికి మెట్ల కాలవ, దానికి గాజు కిటికీ, కిటికీ అవతల ఒక మనిషి కూర్చుని వచ్చిన చేపని వచ్చినట్టు రకాల వారీగా లెక్కపెట్టడం, కట్టిన ఏడాది నుంచీ ఇదే పని! ఆ లెక్క ఏరోజుకారోజు ఎవరైనా చూసుకోవచ్చు. మేం వెళ్ళింది జూన్‌లో, వెండి రంగు చేపలు గుంపులు గుంపులుగా పోతున్నాయి, మా ఆవిడ అద్దానికి మొహం ఆనించి "ఏవండీ, ఇది మన పులసేనండీ" అంది. పులస కాదుగానీ దానికి దూరపు చుట్టం, షాడ్ అంటారు. తమాషా ఏంటంటే అది ఆ నది చేపే కాదు, 1871లో తూర్పు తీరం నుంచి రైల్లో తెచ్చి కాలిఫోర్నియాలో వదిలితే అక్కణ్ణించి పైకి పాకి ఇప్పుడు లక్షల్లో ఎక్కుతోంది. వాళ్ళ సొంత చేపలు సాల్మన్, స్టీల్‌హెడ్ మాత్రం తగ్గిపోయాయి, వాటికోసమే ఇంత హడావిడి.

ఆ హడావిడిలో నాకు బాగా నచ్చింది డబ్బు ఎక్కణ్ణించి వస్తుందనేది. డ్యాముల కరెంటు అమ్మే బోనవిల్ పవర్ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థే ఇస్తుంది, ఎందుకంటే ఆ డ్యాముల వల్లే చేపకి నష్టం, 1980లో చేసిన చట్టం ప్రకారం ఆ నష్టం పూడ్చాల్సిన బాధ్యత వాళ్ళదే. 2002 నుంచి ఆ డబ్బుతో నీటి ఒప్పందాల కార్యక్రమం ఒకటి నడుస్తోంది. ఏదైనా వాగు వేసవిలో ఎండిపోతుంటే అక్కడి రైతులతో మాట్లాడి ఈ సీజన్ నీ వాటా నీళ్ళు వాగులోనే ఉంచెయ్, ఇంత ఇస్తాం అంటారు. కొందరు పశువుల గడ్డి మొదటి కోత దాకా తడి పెట్టుకుని తర్వాత ఆపేస్తారు, కొన్నిచోట్ల మట్టి కాలవ బదులు పైపులు వేయించి మిగిలిన నీళ్ళు వాగుకి రాయించుకుంటారు. ఆరెగాన్‌లో 1987 చట్టంతో వాగులో ఉంచిన నీటికి కూడా పొలం నీటికి ఉన్నట్టే హక్కు వచ్చింది. సిస్టర్స్ అనే ఊరి దగ్గర వైచుస్ క్రీక్ అని వేసవిలో వట్టిపోయే వాగు ఇలాగే మళ్ళీ పారింది, 2007 నుంచి దాంట్లో స్టీల్‌హెడ్ పిల్లల్ని మళ్ళీ వదిలారు. అంతా బాగుపడిపోయిందని కాదు, ఇంత ఖర్చు పెట్టినా సాల్మన్ ఇంకా తేరుకోలేదు. కానీ తేరుకోలేదన్న సంగతి వాళ్ళకి అంకెతో సహా తెలుసు.

మనకి ఉన్నదున్నట్టు అది కుదరదు. అక్కడ రైతుకి నీటి హక్కు కాగితం మీద ఉంటుంది, ఇక్కడ కాలవలో నీళ్ళొస్తే వచ్చినట్టు. రబీ వరి మానేసి మినుము వేసిన రైతుకి ఎకరానికి ఇంత అని ఇచ్చారనుకోండి, ఆ మిగిలిన నీళ్ళు గోదాట్లోకి పోతాయా? పోవు. కింద ఎవరి చెరువు మోటారో తాగేస్తుంది. అందుకని డబ్బులు పొలం దగ్గర లెక్కగట్టినా నీళ్ళు మాత్రం బ్యారేజీ గేటు దగ్గరే కొలవాలి, ఆ గేటు కిందకి రోజూ ఎంత వదిలారో రాసి పెట్టాలి. ఇది లేకుండా ఎన్ని కోట్లు ఇచ్చినా సబ్సిడీ అవుతుంది తప్ప చేపకి చుక్క రాదు.

డబ్బంటారా, పోలవరంలో 960 మెగావాట్ల జలవిద్యుత్ వస్తుంది, యూనిట్‌కి రెండు పైసలు పక్కన పెట్టండి. అక్కడ స్పిల్‌వేలో పులస కోసమని ఫిష్ ల్యాడర్, అదే చేపల మెట్ల కాలవ, కూడా కట్టారు, సంతోషమే, కానీ ధవళేశ్వరం కింద పిల్ల బతకకపోతే ఆ ల్యాడర్ నీళ్ళు లేని బావికి గిలకే. చెరువులకీ, చేపపిల్లల్ని నదుల్లో వదలడానికీ కేంద్రం స్కీముల్లో డబ్బులున్నాయి, నీళ్ళు వదలడానికి మాత్రం పద్దు లేదు.

చట్టం సంగతి కూడా చెప్తాను. గంగకి 2018 అక్టోబరులో కేంద్రం కనీస ప్రవాహం నోటిఫికేషన్ ఇచ్చింది, హరిద్వార్ దగ్గర భీంగోడా బ్యారేజీ కిందకి అక్టోబరు నుంచి మే దాకా 36 క్యూమెక్కులు, మన లెక్కలో 1,270 క్యూసెక్కులు, తగ్గకూడదని. కొలిచే బాధ్యత కేంద్ర జలసంఘానికి అప్పజెప్పారు. గోదావరికి అలాంటిది లేదు. దక్షిణ గంగ అని పుష్కరాలకి చెప్పుకోవడమే!

చేపని లెక్కపెట్టడానికి మనకి గాజు కిటికీ అక్కర్లేదు. బెంగాల్లో గంగ మీద ఫరక్కా బ్యారేజీ దగ్గర కేంద్ర మత్స్య సంస్థ వాళ్ళు ఇలిష్‌కి (మన పులసకి అక్కడి పేరు) ట్యాగులు కట్టి వదిలారు, ట్యాగు తెచ్చిచ్చిన జాలరికి డబ్బులిస్తారు. అంతర్వేది, నరసాపురం, యానాం, ధవళేశ్వరం రేవుల్లో రేవుకి ఇద్దరు ముగ్గురు వలవాళ్ళకి నెలకింత ఇచ్చి, పడిన ప్రతి పులస బరువు, పొడుగు, తేదీ, ఫిబ్రవరిలో వలకి తగిలిన పిల్లల లెక్క ఫోన్లో పంపమంటే సరిపోతుంది. సముద్రం మీద వేట నిషేధం రోజుల్లో భృతి ఇస్తున్నాం కదా, నదిలో పిల్ల దిగే రెండు నెలలు సన్న వల ఆపినవాడికీ ఇవ్వొచ్చు.

మీకు నేను అడిగేది చిన్నది. వరదలప్పుడు భద్రాచలం ఎన్ని అడుగులు, ధవళేశ్వరం ఎన్ని అడుగులు, కిందకి ఎంత వదిలారు అని రోజూ బాక్సు కట్టి వేస్తారు. అక్టోబరులో ఆ బాక్సు ఎత్తేస్తారు. ఈసారి ఎత్తెయ్యకండి. జనవరిలో, మార్చిలో కూడా వెయ్యండి, "బ్యారేజీ కిందకి వదిలింది" అన్న దగ్గర సున్నా ఉంటే సున్నా అనే వెయ్యండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
ధవళేశ్వరం