మొగిలి ఘాట్ దగ్గర ఎక్స్‌ఎల్ బండి పెద్దాయనకు దండాలు

ఇప్పుడే చెన్నై నుంచి ఇల్లు చేరా. రెండు రాత్రులుగా కునుకు లేదు, తప్పులుంటే సర్దుకోండి.

మొన్న సాయంత్రం పలమనేరులో 60 బాక్సుల టమోటా ఎత్తుకుని చెన్నై కోయంబేడు మార్కెట్‌కు బయల్దేరా. బండి 2011 మోడల్ పికప్. ఘాట్ దిగుడు ఇంకా మొదలే కాలేదు, ముందు ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన. బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా లోపలికి పోతోంది. టీ కొట్టు పక్కన ఆపేశా. ఆ ఘాట్ సంగతి మన జిల్లాలో తెలియందెవరికి?

అక్కడ ఒక పెద్దాయన టీ తాగుతున్నాడు. ఆయన ఎక్స్‌ఎల్ మీద గడ్డిమోపు. చక్రం దగ్గర వాసన చూసి, "బ్రేకు ప్యాడ్లు ఎప్పుడేయించావు నాయనా?" అన్నాడు. పది రోజులైందన్నా. మాట్లాడకుండా పంచె ఎగ్గట్టాడు.

విప్పితే ఏముంది, లోపలి ప్యాడు బయట, బయటిది లోపల! ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ అటూఇటూ జరిగే స్లైడ్ పిన్ను ఎండి బిగుసుకుపోయింది. కాలిపర్ జరగక ప్యాడు డిస్కుకు రాసుకుంటూనే ఉంది, ఆ వేడికి బ్రేక్ ఆయిల్ మరిగిపోయింది. కాలిపర్‌ని బ్రేక్ ఆయిల్ ట్యూబుకే వేలాడదీయబోయా. చేతి మీద ఒక్కటేసి, తీగతో పైకి కట్టాడు. "ట్యూబు లోపల చిట్లితే పైకి కనపడదురా." డిస్కు మీద గోరు పెట్టి గీతలు తడిమాడు. గ్రీజు పిన్నులకే, ప్యాడు ముఖానికి అంటితే బ్రేకు లేనట్టే అన్నాడు. ఒకవైపే మారిస్తే బండి పక్కకి లాగుతుందని కుడివైపు కూడా, అదీ నా చేతే వేయించాడు. కొత్త ఆయిల్ పోసి ట్యూబుల్లో గాలి తీశాక, పెడల్ గట్టిపడేదాకా తొక్కనిచ్చి అప్పుడు గేరు వేయమన్నాడు. మెట్ట మీదే పదిసార్లు నెమ్మదిగా బ్రేకు పట్టించి ప్యాడ్లు సెట్ చేయించాడు.

తర్వాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "దిగేదాకా వస్తా, పద." ఇంటి దగ్గర ఆవు మేతకు ఎదురుచూస్తుంటుందన్నా వినలా. సెకండ్ గేర్‌లో ఘాటంతా దిగాం. ఆయన చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీంచి తియ్యలేదు. బంగారుపాళ్యంలో 500 ఇస్తే "టోల్‌కి ఉంచుకో" అని, రోడ్డు దాటి, వెనక్కెళ్ళే లారీకి చెయ్యెత్తి నిలబడ్డాడు. స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చేశా. పేరు కూడా అడగలేదు.

డబ్బు పంపిన బామ్మర్దికి, రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చున్న మా ఆవిడకి కూడా దండాలు. మొగిలీశ్వరుడే పంపాడంటుంది తను.

పోయిన నెలే ఎఫ్‌సీ, అదే బండి ఫిట్‌నెస్ పరీక్ష, అయింది సార్! ఎనిమిదేళ్ళు దాటిన సరుకు బండికి ఏటా తప్పదు కదా. అప్పటికే పాత ప్యాడ్లు అరిగి రేకు తేలున్నాయి. లైట్లు చూశారు, సంతకం పెట్టారు. బ్రేకు తొక్కిన మనిషి లేడు.

అయ్యో, మరిచా. టీ కొట్టు అక్కకి. పలమనేరులో షాపు కట్టేలోగా ప్యాడ్లు, ఆయిల్ తెచ్చిన వాళ్ళబ్బాయికి. వాడికి పెట్రోలు డబ్బులివ్వాలి. ఆలస్యమైనా సరుకు దించుకున్న మండీ వాళ్ళకి. జాకీ ఇచ్చిన తమిళ లారీ తంబీకి. ఆ జాకీ ఇంకా నా బండిలోనే ఉంది.