గనుల నేలకు జంతువులు తిరిగొస్తాయా?

అందరికీ నమస్కారం. తవ్వి వదిలేసిన గనుల్లో మళ్లీ జీవం వస్తుందా అని గ్రూప్‌లో అడిగారు కదా. వస్తుంది. కాకపోతే పైకి పచ్చగా కనిపిస్తే సరిపోదు.

అమెరికాలోని తూర్పు కెంటకీలో ఎల్క్ అనే పెద్ద జింకలు ఎప్పుడో కనుమరుగయ్యాయి. 1997 నుంచి 2002 దాకా వేరే రాష్ట్రాల నుంచి సుమారు 1,500 ఎల్క్‌లను తెచ్చి, బొగ్గు తవ్వి పూడ్చిన నేలలున్న కొండప్రాంతంలో వదిలారు. ఇప్పుడు మంద 10 వేలు దాటిందని అంచనా. పూడ్చిన చోట పెరిగిన గడ్డి వాటికి బాగా కలిసొచ్చింది. గడ్డిలో గూడు కట్టే హెన్‌స్లో పిచ్చుకలూ అలాంటి నేలల్లో చేరాయి.

అడవి జీవులకు మాత్రం ఒట్టి గడ్డి చాలదు, చెట్లు కావాలి. అసలు చిక్కు అక్కడే. బొగ్గు తవ్విన నేలను మళ్లీ సరిచేయాలని అమెరికాలో 1977లో చట్టం వచ్చాక, కొండ జారకూడదని మట్టిని బుల్డోజర్లతో అణగదొక్కేవారు. అంత గట్టి నేలలో నీరు ఇంకదు, వేరు లోపలికి దిగలేక పక్కకే పాకుతుంది. అందుకే ఇప్పుడు పైన కనీసం నాలుగడుగుల మట్టిని వదులుగా ఉంచమంటున్నారు.

నాకు బాగా నచ్చింది పశ్చిమ ఆస్ట్రేలియా బాక్సైట్ గనుల పద్ధతి. తవ్వే ముందు తీసిన పైమట్టిని కుప్పపోయకుండా, వీలైనంత త్వరగా పూడ్చిన చోట పరుస్తారు. అందులో దాగిన విత్తనాలే మొలుస్తాయి! అయినా తొర్రల్లో గూడు పెట్టే పక్షులకు ఆ లేత అడవి ఇంకా ఇల్లు కాదు. అక్కడి చెట్లకు తొర్ర పడాలంటే వందేళ్లు దాటాలి.

ఇకమీదట ఇలాంటి చోట్ల ఫొటోలు పెడితే జంతువుతో పాటు కింది నేల, చుట్టూ ఉన్న మొక్కలు కూడా కనిపించేలా తీయండి, ప్లీజ్.