కర్పూరం ప్యాకెట్ల తూకం తగ్గింది, తప్పు నాదే

పోయిన వారం ఒక అమ్మగారు మా పూజా సామాన్ల కొట్టుకి వచ్చి, మా దగ్గర కొన్న 50 గ్రాముల హారతి కర్పూరం ప్యాకెట్‌ని కాటా మీద పెట్టమన్నారు. పెట్టాను. 43 చూపించింది. నాకు నోట మాట రాలేదు. అరలో మిగిలినవీ తూచాను, ఒక్కటీ 45 దాటలేదు.

కల్తీ కాదు, కాటాలో మోసమూ లేదు. ఎండాకాలం ముందు కిలోల లెక్కన తెచ్చిన కర్పూరాన్ని పల్చటి కవర్లలో కట్టి, రేకుల షెడ్డులో పడేశాను. మంచి డబ్బాలకి ఖర్చెందుకన్న కక్కుర్తి నాది.

కర్పూరం కరిగి నీరుకావాలంటే సుమారు 175 డిగ్రీల వేడి కావాలి. అది అంతదాకా ఆగదు. మామూలు గదిలోనే పైపొర నుంచి నేరుగా ఆవిరైపోతుంది. తడి ఉండదు, మరక ఉండదు. బళ్లో ఉత్పతనం అని చదువుకున్నది ఇదే. బీరువాలో కలరా ఉండలు బఠాణీ గింజంత అయిపోయేదీ ఇందుకే. మా గుమ్మంలోకి రాగానే "ఎంత మంచి వాసనో" అంటారు కదా, ఆ వాసనంతా ప్యాకెట్లలోంచి లేచిపోతున్న నా సరుకే. ఇన్నాళ్లూ విని మురిసిపోయాను! ఆస్తి హారతి కర్పూరంలా హరించుకుపోయిందంటారు. వెలిగించకపోయినా హరించుకుపోతుందని కాటా చెప్పాక తెలిసింది.

ఇంట్లో బిగుతు మూత గాజు సీసాలో ఉంచిన కర్పూరం మాత్రం తగ్గలేదు. కానీ మూత లోపల, సీసా మెడ చుట్టూ పంచదార చల్లినట్టు సన్నటి మెరిసే పలుకులు. లోపల లేచిన ఆవిరి చల్లటి చోట తగిలి, నీరు కాకుండానే మళ్లీ గట్టిపడిందన్నమాట. గోకి పళ్లెంలో వేసి వెలిగించాను, ఎప్పటిలాగే మండింది.

ఇకమీదట ముందుగా కట్టి పెట్టను. మీ ఎదురుగానే తూచి, ఫాయిల్ కవర్లో సీలు వేసి ఇస్తాను. కవరు ఖర్చు కింద ప్యాకెట్‌కి రెండు రూపాయలు పెరుగుతుంది. మార్చి నుంచి కొన్నవాళ్లు, వాడేసినా సరే, వచ్చి చెప్పండి. ప్యాకెట్‌కి 10 గ్రాములు ఊరికే ఇస్తాను, బిల్లు అడగను.

మిరియాలు వేస్తే ఆగుతుందా అని చాలామంది అడుగుతున్నారు. మా అత్తగారూ వేస్తారు. వేసుకోండి, కానీ మూత బిగించండి. పొయ్యి గట్టు మీద, దీపం పక్కన పెట్టకండి. పచ్చకర్పూరం డబ్బా వేరుగా ఉంచుకోండి, హారతి కర్పూరం పొరపాటున చక్కెర పొంగలిలో పడకూడదు.