ష్నైడర్ ఇంటిపేరు ఒక్క యూదులదే కాదు

అయ్యా,

గత ఆదివారం మీ అనుబంధంలో యూరప్ ఇంటిపేర్ల మీద వచ్చిన వ్యాసం ‘ష్నైడర్’ను యూదుల ఇంటిపేరుగా పేర్కొంది. అది సగమే నిజం. జర్మనీలో ముల్లర్, ష్మిట్ తరువాత ఎక్కువ మందికి ఉన్న ఇంటిపేరు ఇదే. అక్కడ ఈ పేరు తరతరాలుగా ఉన్నది ప్రధానంగా క్రైస్తవ కుటుంబాల్లోనే.

జర్మన్‌లో ‘ష్నైడర్’ అంటే దర్జీ. దర్జీ కొడుకుని కనుక ఈ మాట మీద నాకు కొంత మక్కువ. దానికి మూలమైన ‘ష్నైడెన్’ అంటే కోయడం, కత్తిరించడం. కుట్టేవాడని కాక కత్తిరించేవాడని ఎందుకు పిలిచారో దర్జీ కొట్టు తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. మా నాన్న మిషను మీద ఎవరినైనా కూర్చోనిచ్చేవారు గాని, బల్ల మీద గుడ్డ పరచి, సుద్దతో గీతలు గీసి, కత్తెర వేసే పని మాత్రం తానే చేసేవారు. కుట్టు తప్పితే విప్పి మళ్లీ వేయవచ్చు, కోత తప్పితే గుడ్డ పోయినట్టే. మన కొట్లలో ఇప్పటికీ పెద్దపీట కటింగ్ మాస్టరుదే కదా! హంగేరీ వారి ‘సబో’కూ, ఇంగ్లిషు ‘టేలర్’కు మూలమైన పాత ఫ్రెంచి మాటకూ కోతే అర్థం.

జర్మన్ క్రైస్తవుల్లో ఇలాంటి వృత్తి పిలుపులు మధ్యయుగాల్లోనే వంశపారంపర్య ఇంటిపేర్లుగా స్థిరపడగా, మధ్య, తూర్పు యూరప్ యూదుల్లో చాలామంది 18వ శతాబ్దం చివరి వరకు ఫలానావారి కొడుకు అనే చెలామణీ అయ్యారు. ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ 1787 జూలై 23న ఇచ్చిన శాసనం, 1788 జనవరి 1 నుంచి వారంతా స్థిరమైన ఇంటిపేరు పెట్టుకోవాలని నిర్బంధించింది. ప్రష్యా అనే జర్మన్ రాజ్యంలో ఆ నిబంధన 1812లో వచ్చింది. క్రైస్తవుల వృత్తిసంఘాలు చాలాచోట్ల యూదులను చేర్చుకోకపోయినా, ఉన్నీ నారా కలిసిన బట్ట తొడగరాదన్న తమ ధర్మశాస్త్ర నియమం ఎరిగిన దర్జీ వారికి ఎలాగూ కావలసినవాడే. అలా ఆ పనిలో ఉన్న ఎందరికో చేతిలోని కత్తెరే ఇంటిపేరైంది. అదే దర్జీ రష్యన్ మాటలో పోర్ట్‌నోయ్, ఉక్రేనియన్‌లో క్రావెట్స్ అయ్యాడు.

1908లో విల్నాలో (నేటి లిథువేనియా రాజధాని విల్నియస్) పుట్టి, బుడాపెస్ట్ క్వార్టెట్ అనే నలుగురి వాద్యబృందంలో వయొలిన్ వాయించిన అలెగ్జాండర్ ష్నైడర్ యూదుడు. తల్లి ఇంటిపేరుతో ప్రసిద్ధురాలైన నటి రోమీ ష్నైడర్ క్యాథలిక్ కుటుంబంలో పుట్టినవారు. అమెరికా వెళ్లాక ఈ పేరే చాలామందికి ‘స్నైడర్’ అయింది. 1808 నుంచి 1817 వరకు పెన్సిల్వేనియా గవర్నరుగా ఉన్న సైమన్ స్నైడర్ జర్మన్ వలస కుటుంబీకుడు. మన దగ్గర వడ్ల, కమ్మరి వంటి ఇంటిపేర్లు వినగానే వృత్తితో పాటు కులమూ తెలిసిపోతుంది కనుక, ష్నైడర్‌నూ అదే అలవాటుతో చదివి వ్యాసకర్త పొరబడ్డారనుకుంటాను. ఆ వాక్యాన్ని సవరించవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, సిద్దిపేట